మూరెడు వంతెన

మా ఊరి ఏటి మీద వంతెన లేదని అర్జీ పెట్టుకుంటే, శాఖ వారు దయతలచి మాకు నాలుగు పాసులు పంపించారు.

వంతెన దాటడానికి కాదు, చూడడానికి. జిల్లా కేంద్రంలో 'ఆదర్శ సూక్ష్మ గ్రామాల వనం' అని ఒకటి వెలిసింది. జిల్లాలో గొప్ప గొప్ప ఊళ్ళన్నిటినీ అందులో బొమ్మల కొలువులాగా బుల్లిబుల్లిగా కట్టి నిలబెట్టారట. మా గోగులవలస కూడా గొప్ప ఊళ్ళలో ఒకటని మాకు అప్పుడే తెలిసింది. పాసులతో పాటు వచ్చిన కాగితంలో ఇలా ఉంది: "మీ అర్జీ పరిశీలించబడినది. సదరు వంతెన ఇదివరకే నిర్మించబడి, తనిఖీ చేయబడి, ప్రారంభించబడి యున్నది. తాము కుటుంబ సమేతముగా విచ్చేసి, వంతెనను కన్నులారా వీక్షించి, సంతృప్తి చెందవలసినదిగా కోరడమైనది."

సంతృప్తి చెందడానికి ఇంతకంటే మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ పిలవలేదు.

నా పేరు తవిటినాయుడు. ఊళ్ళో కిరాణా కొట్టు. ఉప్పు దగ్గర్నుంచి కొబ్బరితాడు దాకా అమ్ముతాను, అప్పు మాత్రం అమ్మను. నాకు వంతెన ఉన్నా లేకపోయినా సరుకు ఎలాగో తెచ్చుకుంటాను. గొడవంతా మా పూర్ణిమ గురించి. పిల్ల ఏడో తరగతి పాసయింది. ఊళ్ళో బడి ఏడుతో సరి. హైస్కూలు ఏటికి అవతల. పోయినేడు దాకా రేవులో సర్కారు పడవ ఉండేది. వంతెన వచ్చేసింది కనుక ఇక పడవతో పనిలేదని, వానలు పడే ముందు దాన్ని లారీలో ఎక్కించి పట్టుకుపోయారు. వంతెన ఎక్కడొచ్చిందయ్యా అంటే 'రికార్డు ప్రకారం వచ్చింది' అన్నారు. రికార్డు ప్రకారం నడిస్తే మునిగిపోతామని ఊళ్ళో అందరికీ తెలుసు గనక ఎవరూ నడవలేదు. బడి తెరిచిన నాటి నుంచీ పిల్ల రోజూ యూనిఫారం వేసుకుని, సంచీ తగిలించుకుని రేవు దాకా వెళ్తుంది. నీళ్ళ వంక కాసేపు చూస్తుంది. వెనక్కి వచ్చేస్తుంది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది.

అందుకని ఆదివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని నలుగురం బయల్దేరాం. నేను, మా ఆవిడ గున్నమ్మ, మా అమ్మ అసిరమ్మ, పూర్ణ. కొండ చుట్టు తిరిగి, రెండు బస్సులు మారి వెళ్తే మధ్యాహ్నానికి చేరాం. ఆ దారిన హైస్కూలుకి పంపితే పిల్ల సరిగ్గా ఇంటి గంట కొట్టే వేళకి బడిలో ఉంటుంది.

వనం గేటు దగ్గర కాపలా మనిషి మా పాసులు చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"గోగులవలస వాళ్ళా? అయితే ఈ గేటు కాదండి. ఇది సందర్శకులకి. మీరు నివాసులు. మీ గేటు అదీ."

చూపించిన వైపు చూస్తే ఇంకో గేటుంది. రంగులు వేసి, పైన 'స్వాగతం' అని రాసి, చాలా అందంగా ఉంది. నా మోకాలెత్తు ఉంది.

"దాని మీంచి దాటేసి వచ్చేస్తాం" అన్నాను.

"దాటితే గోడ దూకినట్టు లెక్కండి. లోంచే రావాలి."

"పాక్కుంటా ఎల్లమంటావేటి బావూ, ఈ మోకాల్లతోటి?" అంది మా అమ్మ.

"అక్కర్లేదు మామ్మా. బొటనవేలు లోపలికి పెట్టండి, చాలు. వేలు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే."

కాదనడానికి లేదు. రేషన్ బియ్యమూ వేలికే ఇస్తున్నారు, పింఛనూ వేలికే ఇస్తున్నారు. మనిషి వెళ్ళి నిలబడినా వేలు అరిగిపోయిందంటే వెనక్కి పంపేస్తున్నారు. నలుగురం వంగి, బుల్లి గేటులో వేళ్ళు పెట్టి, మర్యాదగా ఊళ్ళో ప్రవేశించాం. మిగతా ఒళ్ళంతా వేలి తాలూకు సామాను కింద పెద్ద గేటులోంచి లోపలికి వచ్చింది.

లోపల మమ్మల్ని ఎదుర్కొన్నాయన సూక్ష్మాభివృద్ధి అధికారి దక్షిణామూర్తి గారు. కోటు, మెళ్ళో గుర్తింపు కార్డు, చేతిలో ఒక సన్నటి బెత్తం. ఆ బెత్తంతో ఆయన ఊళ్ళు చూపిస్తారు.

"పూర్వం మా శాఖ వంతెనల్ని ఏళ్ళ మీద కట్టేది" అన్నారాయన నడుస్తూనే. "అదొక అశాస్త్రీయ పద్ధతి. వరదలు, ఇసుక, స్థలాల తగాదాలు, ప్రజలు. ముఖ్యంగా ప్రజలు. ఏ పనీ పూర్తయ్యేది కాదు. ఇప్పుడు పరిమాణాతీత విధానం అమలులో ఉంది. వంతెన అనగా ఇంత పొడవు ఉండాలని ఏ ఉత్తర్వులోనూ లేదు. మేము వెదికించాం. కనుక అభివృద్ధిని తనిఖీకి అనువైన కొలతలో, ఒకే ఆవరణలో, నీడపట్టున నిర్వహిస్తున్నాం. జిల్లా మొత్తం నూరు శాతం పూర్తి."

"మరి మనుసులో?" అంది మా అమ్మ.

"మనుషులు కూడా నూరు శాతం, మామ్మగారూ."

ఉన్నమాట చెప్పొద్దూ, ఊరు చూడగానే నా కడుపు నిండిపోయింది. ఒక గదంత చోటులో గోగులవలసంతా ఉంది. సిమెంటు రోడ్లు, మురుక్కాలవలు, పట్టపగలు వెలుగుతున్న వీధి దీపాలు. మా వీధి మొదట్లో ఒక కొళాయి, దాన్లోంచి దారమంత సన్నగా నీళ్ళు.

"ఓలమ్మో, మన ఈదిలో కొలాయి!" అని గున్నమ్మ అక్కడే గొంతుకూర్చుంది. "ఈ నీలు రోజూ వొస్తాయేటండి?"

"ఇరవై నాలుగు గంటలూ" అన్నారు దక్షిణామూర్తి గారు.

గున్నమ్మ సంచీలోంచి సీసా తీసి కొళాయి కింద పెట్టబోయింది. ఆయన బెత్తం అడ్డం పెట్టారు. నివాసులు తమ కొలత పాత్రలతోనే పట్టుకోవాలట. కొళాయి పక్కన కందిగింజంత బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. గున్నమ్మ ఒక బిందె చిటికెతో ఎత్తి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేసింది.

కొంచెం ముందుకెళ్తే నా కొట్టు. కొట్టు ముందు నేను. చిటికెన వేలంత ఉన్నాను. పొట్ట లేదు. తెల్లటి పంచె కట్టుకుని, చేతులు జోడించి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాను.

"నేనెందుకు నవ్వుతున్నానండీ?" అని అడిగాను.

"మా గ్రామాలన్నిటిలో ప్రజలు నవ్వుతూనే ఉంటారు. టెండరు నిబంధన."

ఆ పక్కనే ఆరోగ్య కేంద్రం. తలుపు తీసి ఉంది, లోపల డాక్టరు కూర్చుని ఉన్నాడు. మా అమ్మకి రెండు మోకాళ్ళూ నొప్పులు. ఆ మాట అన్నదో లేదో దక్షిణామూర్తి గారు, "మీ ఊరి డాక్టరు గారే కదా, చూపించుకోండి" అన్నారు. మా అమ్మ ఆరోగ్య కేంద్రం పక్కన కాలు చాపుకుని చాలాసేపు కూర్చుంది.

"ఏటీ అనడేటి?"

"పరిశీలిస్తున్నారు."

"పెద్దాసుపత్రిలోనూ ఇలగే సేస్తారు. సెయ్యి కూడా ఎయ్యరు" అని సమాధానపడి మా అమ్మ లేచింది.

చివరికి వంతెన దగ్గరికి వచ్చాం. మూరెడు ఉంది. అయితేనేం, ముద్దొస్తోంది. కింద మోటారు పెట్టి నీళ్ళు పారిస్తున్నారు. వంతెన మీద సైకిలు మీద పోతున్న ఒక మనిషి, పాల క్యానుల వాడు, గేదె, దాని వెనక నీలం లంగాలు, రెండు జడలు వేసుకుని బడికి వెళ్తున్న నలుగురు పిల్లలు. అవతలి ఒడ్డున హైస్కూలు. వంతెన మొదట్లో శిలాఫలకం. దాని మీది పేర్లు చదవడానికి భూతద్దం పెట్టారు.

"కన్నులారా వీక్షించారు కదా" అన్నారు దక్షిణామూర్తి గారు. "ఇక సంతృప్తి చెందుదురు గాని. వేలిముద్ర ఇక్కడ."

"ఒక్క మాటండి" అంది పూర్ణ. "ఈ గుంటలు ఎవరండీ?"

దక్షిణామూర్తి గారు ముఖం విప్పార్చుకుని బెత్తంతో ఒక్కొక్కరినే చూపించారు. "మీ ఊరి విద్యార్థినులే. అందరి పేర్లూ నమోదై ఉన్నాయి. ఇదిగో, వరసలో ఆఖరి అమ్మాయి. తవిటినాయుడి కుమార్తె పూర్ణిమ, ఎనిమిదో తరగతి. హాజరు నూరు శాతం. ఒక్కరోజు కూడా బడి మానలేదు."

పిల్ల ముఖం పాలిపోయింది. "పూర్ణిమని నానండి" అంది.

"సంతోషం. అయితే నువ్వు బాగా చదువుతున్నావు."

"నాను సదవట్లేదండి. రేవు కాడికెల్లి ఇంటికొచ్చేస్తన్నాను."

"అది నీ వ్యక్తిగత విషయం అమ్మా. రికార్డులో చదువుతున్నావు."

నాకు అప్పుడు వెలిగింది. కిందటి నెల హైస్కూలుకి ఫోను చేయిస్తే, 'మీ అమ్మాయికి సీటెందుకండీ, రోజూ వస్తోంది కదా' అన్నారు. ఏదో పొరపాటనుకున్నాను. "ఏవండీ, ఆ బొమ్మ వెళ్తోందని మా పిల్లకి సీటు ఇవ్వట్లేదా?" అన్నాను.

"ఒకే విద్యార్థినికి రెండు చోట్ల హాజరు వేయడం తీవ్రమైన అవకతవక" అన్నారు దక్షిణామూర్తి గారు. "మీరు గ్రామీణులు కనుక తెలియక అడిగారు, నేను పట్టించుకోను."

"నేను సంతృప్తి చెందను. వేలు పెట్టను. ఏం చేసుకుంటారో చేసుకోండి" అన్నాను.

ఆయన కోప్పడలేదు. పాపం, కోపం రావడానికి ఆయన దగ్గర వీలు లేదు. జేబులోంచి ఒక పట్టుకారు తీసి, నా కొట్టు ముందున్న నన్ను జాగ్రత్తగా పట్టుకుని పైకి లేపి, అగ్గిపెట్టెలో పెట్టి మూసేశారు.

"గ్రామంలో అసంతృప్తుడైన నివాసి ఒకరున్నారు. ఇప్పుడు లేరు. సంతృప్తి మళ్ళీ నూరు శాతం."

నేను ఉన్నచోటే ఉన్నాను, చేతిలో పులిహోర డబ్బాతో. కానీ ఊళ్ళో మాత్రం లేను. పూర్ణ గబగబా ముందుకొచ్చింది.

"అయితే నన్ను కూడా తీసీండి సార్. ఆ గుంట బడి మానీస్తే నాను ఎల్తాను."

దక్షిణామూర్తి గారు రెండు చెవులూ మూసుకున్నారు. "ఎంత మాట! బాలికను బడి మాన్పించడం చట్టరీత్యా నేరం. మా జిల్లాలో బడి మానినవారు సున్నా. ఆ సున్నాకి పోయిన నెలలో బహుమతి వచ్చింది."

ఇంత జరిగాక మా అమ్మ వంగి, వంతెనని వేలితో మెల్లగా ఒక పోటు పొడిచింది. "ఇది వొరదొస్తే నిలస్తాదేటి?" అంది.

అదిగో, అక్కడ తగిలింది ఆయనకి. అంతవరకు మాట నెమ్మదిగా ఉన్న మనిషి ఎర్రబడిపోయాడు. "మామ్మగారూ! ఇది నూరేళ్ళ వరదకి తట్టుకునేలా రూపొందించబడిన వంతెన! నూకరాజూ! మోటారు పూర్తిగా తిప్పు. వీళ్ళకి వరద చూపించు."

మోటారు దగ్గరున్న నూకరాజు బుర్ర గోక్కున్నాడు. "వొద్దండి సార్. మొన్ననే గమ్మెట్టాం. ఆరనేదండి."

"తిప్పమన్నానా!"

తిప్పాడు. బుల్లి ఏరు బుసకొట్టుకుంటూ వచ్చింది. మొదట గేదె పోయింది. తరవాత పాల వాడు, సైకిలు మనిషి. వంతెన నడుం దగ్గర ఒక్కసారి వణికి, ఒక పక్కకి ఒరిగింది. నీలం లంగాల పిల్లలు ఒకరి మీద ఒకరు పడిపోతున్నారు. పూర్ణ 'ఓలమ్మా' అని వంగి చెయ్యి చాపింది. తన సీటు లాక్కున్న బొమ్మే అయినా, పడిపోతుంటే పిల్ల చూడలేకపోయింది. దక్షిణామూర్తి గారు ఆ చేతికి బెత్తం అడ్డం పెట్టారు.

"నివాసులు విపత్తు ప్రాంతంలోకి ప్రవేశించరాదు!"

అంతే, వంతెన మొత్తం ఊడి కొట్టుకుపోయింది. నీళ్ళు పోయే తూము దగ్గర ఇనప జల్లెడ ఉంది. ముగ్గురు పిల్లలు దానికి తట్టుకుని ఆగిపోయారు. వరసలో ఆఖరిదైన మా పూర్ణ బొమ్మ మాత్రం జల్లెడ సందులోంచి జారి పట్టణం మురుక్కాలవలో కలిసిపోయింది.

ఆ వెంటనే ఏటి ఒడ్డున పెట్టిన యంత్రం ఒకటి కూత పెట్టడం మొదలెట్టింది. దక్షిణామూర్తి గారు బెత్తం కింద పడేసి, కుర్చీలో కూలబడ్డారు.

"పై కార్యాలయానికి కబురు వెళ్ళిపోయింది. దానంతట అదే వెళ్ళిపోతుంది" అన్నారు నీరసంగా. "గోగులవలస వంతెన కుప్పకూలింది. బడి వేళ. ఒక బాలిక గల్లంతు."

నూకరాజు లుంగీ ఎగ్గట్టి మురుక్కాలవలో దిగి వెతికాడు. రెండు చెప్పులు, ఒక కొబ్బరి చిప్ప దొరికాయి. బొమ్మ దొరకలేదు. దక్షిణామూర్తి గారు మా దగ్గరికొచ్చి, నా రెండు చేతులూ పట్టుకుని, "మీకు తీరని లోటు కలిగింది. గుండె దిటవు చేసుకోవాలి" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నిజంగానే ఉన్నాయి.

"అదేటండీ, బొమ్మే కదా. ఇంకోటి సేయించి పెట్టీండి" అంది గున్నమ్మ.

"అమ్మా, పోయిన మనిషిని మళ్ళీ తయారు చేసే అధికారం మా శాఖకి లేదు."

"పోవడమేటి! నా కూతురు ఇదిగో, ఇక్కడుంది!"

"ఉన్నారమ్మా, కాదనను. కానీ రికార్డులో ఉన్న అమ్మాయి పోయింది. రికార్డు ముందు మీరెంత, నేనెంత?"

సాయంత్రమయ్యేసరికి సంయుక్త సంచాలకుల వారు కారులో వచ్చారు. కూడా ఒక ఫోటోగ్రాఫరు, ఒక గులాబీ దండ, పెద్దది చేయించిన పూర్ణిమ ఫోటో ఒకటి వచ్చాయి. ఫోటో బొమ్మది. బుగ్గల మీద ఎర్రరంగు, కళ్ళకి నల్ల చుక్కలు. మా అమ్మ దగ్గరికెళ్ళి చూసి, "ఈ ముకం మా గుంటది కాదు బావూ. మా గుంట ఇంత బొద్దుగుండదు" అంది. ఎవరూ వినిపించుకోలేదు. అందర్నీ లేచి నిలబడి మౌనం పాటించమన్నారు. పాటించాం. మా పూర్ణ కూడా తన కోసం తను తల వంచుకుని నిలబడింది.

తరవాత ఫోటోగ్రాఫరు మమ్మల్ని వరసలో నిలబెట్టి పిల్లకేసి చెయ్యి ఊపాడు. "పాపా, నువ్వు కొంచెం పక్కకి జరుగమ్మా. పోయిన అమ్మాయి తల్లిదండ్రులు మాత్రమే పడాలి."

దాంతో గున్నమ్మకి తిక్క రేగింది. "నా పిల్ల బతికుండగా దండేస్తారా! మీ సేతులిరిగిపోను! మీ రికార్డులు తగలడిపోను!" అని ఫోటోకి వేసిన దండ పీకి ఆ బుల్లి ఏట్లో విసిరేసి, పిల్లని గుండెలకి అదుముకుని ఏడ్చేసింది. నేను పెళ్ళాన్ని ఓదారుస్తుంటే, సంచాలకుల వారు ఏ ఆటంకమూ జరగనట్టు చేతిలోని ఉత్తర్వు చదువుకుపోతున్నారు.

"...ప్రాణనష్టం సంభవించిన రేవునకు తక్షణమే పడవ ఏర్పాటు చేయవలెనన్న నిబంధన మేరకు..."

"ఏమన్నారండీ?" అన్నాను.

"పడవ" అన్నారు సంచాలకుల వారు.

"ఎంత పడవండీ? అగ్గిపుల్లంతా?"

ఆయన కొంచెం ఇబ్బంది పడ్డారు. "దురదృష్టవశాత్తూ మామూలు పడవే. పడవలు కొనే శాఖ వేరు. వారికి ఇంకా పరిమాణాతీత విధానం అందలేదు. వెనకబడి ఉన్నారు. అయితే తల్లిదండ్రులు ముందుగా, తమ కుమార్తె మరణించినట్టు ధ్రువీకరించాలి."

ఒక పక్క పడవ. ఒక పక్క బతికున్న పిల్ల పోయిందని నా వేలితో నేను ఒప్పుకోవడం. గున్నమ్మ నాకేసి చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. "ఏలెట్టినావంటే నాను మా పుట్టింటికెల్లిపోతాను" అంది.

మా అమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, మా ఇద్దరి మధ్యకి వచ్చింది. "ఎట్టరా తవుటూ, ఏలెట్టు. బతికున్నోల్లని సచ్చిపోనారంటే ఆయుస్సు పెరుగుతాదంటారు. గుంట నూరేల్లు బతుకుతాది. ఒలే గున్నా, నువ్వూరుకో. దిష్టి పోయిందనుకో."

పెట్టాను. ఆ వేలు తరవాత సబ్బుతో ఎంత తోమినా నాకు మురికిగానే తోచింది.

ఇంతటితో అయిపోలేదు. మర్నాడు పిల్లనీ అమ్మనీ తీసుకుని, మళ్ళీ కొండ చుట్టు తిరిగి హైస్కూలుకి వెళ్ళాను. హెడ్మాస్టరు మంచివాడే, కాకపోతే భయస్తుడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"పొద్దున్నే కబురొచ్చిందండి. పూర్ణిమ పేరు కొట్టేశాం. సంతాపంగా ఒకపూట సెలవు కూడా ఇచ్చేశాం."

"అయితే సీటు ఖాళీయే కదా. చేర్చుకోండి. పిల్ల ఇదిగో" అన్నాను.

ఆయన పూర్ణని తేరిపార చూశాడు. "చేర్చుకోవచ్చు. కానీ పూర్ణిమ పేరుతో వీలుకాదండి. పోయిన అమ్మాయికి హాజరు వేస్తే నా ఉద్యోగం పోతుంది. వేరే పేరు ఏదైనా చెప్పండి."

నేను ఆలోచిస్తుండగానే మా అమ్మ ముందుకొచ్చింది. "నా పేరు రాసీండి బావూ. అసిరమ్మ. నాకు ఇస్కూల్లో పేరెవలూ రాయనేదు."

రాసేశారు. ఆ రోజు నుంచీ మా అమ్మ ఎనిమిదో తరగతి చదువుతోంది. పిల్ల ఇంటికి రాగానే, "ఈయేల నాకు లెక్కల్లో ఏపాటి మార్కులొచ్చాయే?" అని అడుగుతుంది. తక్కువొస్తే పూర్ణని కాదు, మేష్టర్ని తిడుతుంది.

అదంతా పడవ వచ్చాకలెండి. పడవ ఆ వారంలోనే వచ్చింది. మామూలు కొలతలో, తారు వాసన వేస్తూ, కొత్త గెడతో. దానితో పాటు ఒక పడవ మనిషి కూడా వచ్చాడు. ఊరంతా రేవు దగ్గర చేరింది. నేను కొట్టు మూసి మరీ వెళ్ళాను. పిల్ల అందరికంటే ముందే సంచీతో నిలబడి ఉంది. తీరా దగ్గరికెళ్ళి చూస్తే పడవ మొగాన ఒక రేకు బోర్డు, దాని మీద బొమ్మ ఫోటో, కింద పెద్దక్షరాలు: 'కీ.శే. కుమారి పూర్ణిమ స్మారక పడవ'.

గున్నమ్మకి చదవడం రాదు గానీ ఫోటో చుట్టూ వేసిన నల్లగీత చూసి పోల్చుకుంది. పిల్ల రెక్క పట్టుకుని వెనక్కి లాగేసింది.

"నా కడుపున పుట్టిన దాన్ని ఆ పడవ ఎక్కనివ్వను. సదువొద్దు, ఏటీ వొద్దు. పదా ఇంటికి."

"బోర్డు పీకేస్తానుండు" అన్నాను.

పడవ మనిషి చేతులు జోడించాడు. "పీకితే నన్ను పీకేస్తారండి. పైగా, నెల్లాళ్ళు ఎవరూ ఎక్కకపోతే ఈ రేవుకి పడవ అవసరం లేదని రాసి వెనక్కి తెచ్చీమన్నారు."

ఇంతలో పూర్ణ వాళ్ళమ్మ చెయ్యి మెల్లగా విడిపించుకుంది. సంచీ భుజానికి సర్దుకుని, నీళ్ళల్లోకి దిగి, పడవ అంచు పట్టుకుని లోపలికెక్కి, ఆ బోర్డు పక్కనే కూర్చుంది.

"నాను సచ్చిపోతేనే కదమ్మా పడవొచ్చినాది" అంది. "ఎక్కకపోతే పట్టుకుపోతారు. అప్పుడు మల్లీ ఎవలో ఒకలు సావాలి."

పడవ మనిషి గెడ వేశాడు.